నాలుగు ఎడమ మలుపులు

ముందు ఎడమకాలు, తరువాత వెనక ఎడమకాలు. థర్మన్ నడుం వంచి, గిట్టను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఇనుప కొక్కెంతో లోపలి మట్టినీ లద్దెనీ పెకలిస్తున్నాడు. డెబ్బై మూడేళ్ళ నడుం అది. వంగడానికి ఒప్పుకుంటుంది గాని, లేవాలంటే గోడ సాయం కావాలి. ఆ సంగతి అతని గుర్రం బ్యూలాకి తెలుసు. మూడో కాలు దగ్గరికి వచ్చేసరికి అడక్కుండానే ఎత్తి ఇచ్చింది.

"ఇవాళ కూడా ఎందుకు బాబాయ్ ఈ అవస్థ?" అన్నాడు శాల కుర్రాడు క్లీవన్, పక్క గదిలో చెక్కలు ఊడదీస్తూ.

"మట్టికాళ్ళతో పంపమంటావురా?"

క్లీవన్ సుత్తి చప్పుడు కాస్త తగ్గింది.

ఉత్తర ఫిలడెల్ఫియాలోని ఆ సందు చివరి గుర్రపుశాలలో ఒకప్పుడు ఇరవై గుర్రాలుండేవి. ఎదుటి ఖాళీ స్థలంలో ఆదివారాలు పందేలు, మాంసం కాలుతున్న పొగ, పేటంతా వినబడే కేకలు. ఇప్పుడు దాని చుట్టూ ఇనుప కంచె, కంచె మీద రాబోయే ఫ్లాట్ల బొమ్మ. బొమ్మలో నవ్వుతూ కుక్కపిల్లల్ని తిప్పుతున్నవాళ్ళలో ఈ వీధి మొహం ఒక్కటీ లేదు. శాల కూడా అమ్ముడైపోయింది. శుక్రవారానికి ఖాళీ చెయ్యాలి. మిగతా గుర్రాలకి ఎక్కడో ఒకచోట నీడ దొరికింది. ఇరవై నాలుగేళ్ళ ముసలి ఆడగుర్రాన్ని, అందులోనూ కుడికన్ను పోయినదాన్ని, ఎవరు చేరదీస్తారు?

క్లీవన్ నిన్న ఒక దారి చెప్పాడు. గురువారం దళారీ బండి వస్తుంది, దాన్నీ వేలానికి ఎక్కించేద్దాం, ఏ రైతయినా కొనుక్కోకపోతాడా అని. ఆ వేలం సంగతి థర్మన్‌కి చెప్పాలా! పంతొమ్మిదేళ్ళ కిందట బ్యూలా దొరికింది అక్కడే. పందేల్లో ఓడిపోయి, తుంటి మీద నంబరు కాగితం అంటించుకుని, మాంసానికి పోయే గుర్రాల వరుసలో నిలబడి ఉంది. అతన్ని చూసి చెవులు నిక్కించింది. అంతే, అతను ఇంకో గుర్రాన్ని చూడలేదు. మళ్ళీ ఆ వరుసలోకి పంపడం అతని వల్ల కాదు. రాత్రంతా ఆలోచించి, తెల్లవారగానే పశువైద్యురాలికి తనే ఫోన్ చేశాడు. పదకొండింటికి వస్తానంది.

ముప్ఫై ఒక్క సంవత్సరాలు అతను ఆస్పత్రి దుప్పట్లు ఉతికాడు. మాసినవి ఒక తలుపులోంచి వచ్చేవి, ఉతికినవి ఇంకో తలుపులోంచి పోయేవి. అక్కడ పేరు పెట్టి పిలిచినవాళ్ళు ముగ్గురో నలుగురో. సాయంత్రం టోపీ పెట్టి జీనెక్కితే మాత్రం కార్లు ఆగేవి. పోలీసులు కూడా తలెత్తి మాట్లాడవలసి వచ్చేది. భార్య అర్నీస్ పోయిన తెల్లవారి కూడా ముందు వచ్చి బ్యూలాకి నీళ్ళు పెట్టాడు. శవపేటికకి ముందు నడిచిందీ బ్యూలానే.

పదిన్నరకి డిలేన్ వచ్చింది, భుజాన కెమెరాతో. రెండేళ్ళుగా ఈ గుర్రాలవాళ్ళ మీద డాక్యుమెంటరీ తీస్తున్న అమ్మాయి. మొన్న వేసవిలో చర్చి హాల్లో సగం సినిమా వేసి చూపించింది. కుర్రాళ్ళు గుర్రాల్ని వెనకకాళ్ళ మీద లేపుతుంటే ఒకటే ఈలలు. థర్మన్ నాలుగు క్షణాలు కనిపించాడు, చీపురుతో, అదీ వెనకనుంచి. "సినిమాకి బాబాయ్ వీపే హీరోరా" అని నెల రోజులు ఏడిపించారు. అందరితో పాటు అతనూ నవ్వాడు. ఇంటికెళ్ళాక ఆ నవ్వు నిలవలేదు.

"ఇవాళ మీరే కావాలి సార్. ఒక్కసారి ఎక్కి, అలా వీధి చివరిదాకా..."

"అది మొయ్యలేదమ్మా. నేను ఎక్కలేను."

"పోనీ, నడిపించుకు వెళ్ళేది తీస్తాను."

"ఇన్నాళ్ళూ వీపు తీశావు. ఇవాళ మొహం కావలసొచ్చిందా?" అన్నాడు. కోపంగా కాదు. "వద్దు తల్లీ. పక్కన నడువు, చాలు."

డిలేన్ తల దించుకుని కెమెరాని సంచిలో పెట్టేసింది.

బయలుదేరబోతే బ్యూలా, గుర్రాలు నాకడానికి గోడకి వేలాడదీసిన ఉప్పుగడ్డ వైపు మెడ చాచి నాకసాగింది. థర్మన్ పగ్గం వదులు చేసి నిలబడ్డాడు. పదకొండు దాటింది. అతను తొందరపెట్టలేదు.

సందు మొదట కుడిచేతి వైపు, మూలమీద, వైద్యురాలి ట్రక్కు ఆగి ఉంది. దాని వెనక, చచ్చిన పశువుల్ని ఎత్తుకెళ్ళే గొలుసులున్న పెద్ద బండి. థర్మన్ ఎడమకు తిరిగాడు.

"సార్, వాళ్ళు అటున్నారు కదా!"

"ఇది కుడికి తిరగదమ్మా. వయసులో ఉండగా పందెంలో ఎడమకే పరిగెత్తించారు. తరవాత కుడి పక్క కన్నే పోయింది. కుడికి వెళ్ళాలంటే నాలుగు ఎడమలు తిరిగే వెళ్తాం. ఇన్నేళ్ళూ లేనిది ఇవాళ బలవంతం చెయ్యనా?"

మొదటి మలుపులో మంగలిషాపు వాడు కత్తెర పైకెత్తి పలకరించాడు. రెండో మలుపు దాటాక వర్నెల్ మెట్ల మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఎనభై దాటిన మనిషి, నోరు మాత్రం పడుచుది.

"ఏవయ్యోయ్ అందగాడా! దాన్నలా నున్నగా దువ్వావు, పెళ్ళిచూపులకా?"

"షికారుకక్కా."

"నీకంటే అదే నయంగా ఉంది." ఏప్రన్ జేబు వెతికి పిప్పరమెంటు బిళ్ళ తీసి అరచెయ్యి చాపింది. "ఒక్కటే ఉందే తల్లీ. రేపు రెండిస్తాలే."

థర్మన్ టోపీ అంచు తాకి ముందుకి నడిచాడు. వర్నెల్‌కి చెప్పి ఉండవలసిందని మూడో మలుపులో అనుకున్నాడు. నాలుగో మలుపు వచ్చేసింది.

"నేను కన్నున్న పక్క నిలబడతాను. మీరు సూదితో అవతలి పక్కనుంచి రండి," అన్నాడు వైద్యురాలితో.

బ్యూలా ఇంకా పిప్పరమెంటు నములుతూనే ఉంది. అతను నుదుటి మీద చెయ్యి వేసి, "మంచిదానివి, మంచిదానివి" అంటూ ఉండిపోయాడు. ముందు మోకాళ్ళు మడిచింది. తరువాత మెల్లగా పక్కకి ఒరిగింది. నమలడం ఆగింది.

"పగ్గం వదిలెయ్యండి," అంది వైద్యురాలు. రెండోసారి చెప్పాక వదిలాడు.

డిలేన్ సాయం వస్తానంటే వద్దని, థర్మన్ ఒక్కడూ శాలకి తిరిగొచ్చాడు. ఈసారి చుట్టు తిరగలేదు, నేరుగా వస్తే ముప్ఫై అడుగులు కూడా లేవు. చీపురు తీసుకుని గది ఊడ్చాడు. రేపు అయిదింటికి మెలకువ వస్తే ఎక్కడికి వెళ్ళాలో అతనికి తెలియలేదు.

క్లీవన్ సుత్తితో గుమ్మంలో నిలబడ్డాడు. "బాబాయ్, ఇది కూడా ఊడదియ్యనా?"

"ఊఁ," అని చీపురు గోడకి ఆనించి, థర్మన్ వెళ్ళిపోయాడు.

గోడకి ఉప్పుగడ్డ వేలాడుతోంది, నాలుక పట్టేంత గుంతపడి, ఆ గుంతలో తడి ఇంకా ఆరకుండా.