కైసరయ నీళ్ళలో

ఉప్పుగూడలో ఉండే ఇశ్రాయేలు, రైల్వేలో కీమ్యాన్‌గా ముప్పై మూడేళ్ళు చేసి రిటైరయ్యాడు. తెల్లవారుతుండగానే సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడుస్తూ, వదులైన బిగింపులను కొట్టి సరిచేయడం అతని పని. 2023 ఫిబ్రవరిలో భార్య రాహేలును తీసుకుని, చర్చివాళ్ళతో పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్ళాడు.

మూడో రోజు మధ్యాహ్నం బస్సు కైసరయలో ఆగింది. మధ్యధరా సముద్రం ఒడ్డున రెండు వేల ఏళ్ళ నాటి రేవుపట్నం అది. కూలిన గోడల మధ్య నిలబడి పాస్టర్ బాబురావు సముద్రం వైపు చెయ్యి చూపించాడు.

"పౌలును రెండేండ్లు ఖైదుల పెట్టింది గీ ఊర్లనే. హేరోదు రాజు కట్టించిన రేవేమో గా నీళ్ళ కింద మునిగింది."

అందరూ ఇసుకలో కూర్చుని భోజనం పొట్లాలు విప్పారు. ఇశ్రాయేలు ఒక్కడే ఒడ్డు వెంట నడిచాడు. ఒకచోట పాత రాతి స్తంభాలు నీళ్ళలో పడి ఉన్నాయి. అక్కడ వినిపించింది.

టంగ్, టంగ్, టంగ్. కాస్త ఆగి, టంగ్, టంగ్.

రాయి మీద మోగే చప్పుడు కాదది. పట్టా మీద సుత్తి చప్పుడు.

అలా కొట్టేవాడు ఒక్కడే, తోటి కీమ్యాన్ ప్రహ్లాద్. మంచు కురిసే రోజుల్లో ఎవరెక్కడున్నారో తెలియక, 'నేనిక్కడున్న, నువ్వేడున్నవ్?' అని పట్టా మీద అలా కొట్టేవాడు. విన్నవాడు రెండు దెబ్బలతో జవాబివ్వాలి. ఎనిమిదేళ్ళ కిందట ఒక డిసెంబరు పొద్దున, ఆ మంచులోనే ప్రహ్లాద్‌ను ఇంజను గుద్ది చంపేసింది.

ఇశ్రాయేలు నీళ్ళలోకి దిగి స్తంభానికి చెవి ఆనించాడు. చప్పుడు దవడ ఎముకలోకి ఎక్కింది. ఎప్పుడు తీసుకున్నాడో, చేతిలో ఒక రాయి ఉంది. రెండు దెబ్బలు కొడితే చాలు. చెయ్యి లేవలేదు. ఈసారి చప్పుడు ఇంకా లోపలి స్తంభం నుంచి వచ్చింది. అతను అటు కదిలాడు. తర్వాత ఇంకా లోపల. చివరికి అతని పాదాల కిందే మోగింది.

"ఏందయ్యా! ఏడికి పోతున్నవ్?"

రాహేలు వెనక నుంచి అతని చొక్కా పట్టుకుని లాగింది. అప్పుడు చూసుకున్నాడు, నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి.

"వినొస్తలేదా నీకు?"

"ఏం వినొస్తది? అలలే గద!"

ఊరికి తిరిగొచ్చిన మర్నాడే ఇశ్రాయేలు ప్రహ్లాద్ భార్య సక్కుబాయి ఇంటికి వెళ్ళాడు. ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. కైసరయలో జరిగిందంతా చెప్పాడు.

"చెల్లె, ఆ పొద్దున డ్యూటీ నాది. జ్వరమని చెప్పిన గద, అబద్ధం. కిషన్‌బాగ్‌ల మావోళ్ళ పెండ్లికి పోయిన. నా బదులు వాడు పోయిండు."

సక్కుబాయి చేతులు చేటలోనే ఆగిపోయాయి. తిడుతుందనుకున్నాడు.

"నీళ్ళు చల్లగుండెనా అన్నా?"

"మస్తు చల్లగుండె."

"ఆయన చలికి ఓర్వడు." ఆమె తలెత్తింది. "మరి నువ్వు జవాబిచ్చినవా?"

"ఇయ్యలె."

"ఎందుకియ్యలె?"

అతను వంగి చేటలోంచి ఒక రాయి ఏరి బయట పడేశాడు.

"మళ్ళ పో," అంది ఆమె. "పోయి జవాబియ్యి. ఎనిమిదేండ్లు అబద్ధం మోసినవ్, రెండు దెబ్బలు కొట్టనీకి భయపడ్తవా?"

ఆ వారమే ఇశ్రాయేలు పాస్టర్ దగ్గర వచ్చే యాత్రకు పేరు రాయించాడు. అక్టోబరులో అక్కడ యుద్ధం మొదలైంది, యాత్ర వాయిదా పడింది. ఆ తర్వాత కూడా వెళ్దామని ఎవరూ అనలేదు. సక్కుబాయి మాత్రం అతను దారిలో ఎదురైనప్పుడల్లా ఆగుతుంది. బాగున్నావా అని అడగదు.

"ఎప్పుడు పోతున్నవన్నా?" అంటుంది.