రెండు పేజీలు కలిసి తిరిగితే

అచ్చాఫీసులో అందరూ అతన్ని ఒత్తుల మాస్టారు అనేవారు. ప్రూఫులు దిద్దడం అతని పని. ఎక్కడ ఒత్తు పోయినా, దీర్ఘం తప్పినా, అది రాసిన మనిషి అతని లెక్కలో మనిషే కాదు. "వీడి మొహానికి అక్షరం ముక్క రాదు, పైగా పుస్తకమొకటి!" అని గొణుక్కుంటూ పేజీ నిండా ఎర్ర సిరా పులిమేవాడు.

అలాంటివాడి కూతురు తొమ్మిదేళ్లొచ్చినా "వాన" రాయమంటే "మాన" అని రాసేది. బద్ధకమన్నాడు. పొగరన్నాడు. చివరికి భార్య పోరు పడలేక, పిల్లల చదువు ఇబ్బందులు చూసే నిపుణురాలి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ రెండు రోజులు పరీక్షించి రిపోర్టు చేతికిచ్చింది.

"డిస్‌లెక్సియా అంటారండి. తెలివికేం లోటు లేదు. అక్షరాన్నీ దాని శబ్దాన్నీ కలుపుకోవడం దగ్గరే కష్టం. వేరే పద్ధతిలో నేర్పాలి."

అతను కాగితాలు తిరగేశాడు. "'విద్యార్థిని'లో థ బదులు ధ పడింది, చూసుకోండి" అని లేచాడు.

ఇల్లు చేరేదాకా ఆవిణ్ణి తిట్టడం ఆపలేదు. "బద్ధకానికో పేరు పెట్టడానికి అన్నేళ్లు చదివిందట!"

"మీకు ఎదుటివాళ్ల తప్పులు తప్ప ఇంకేమీ కనపడవు" అంది భార్య.

ఆ సాయంత్రమే సంగతి తేల్చేద్దామని కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని వాచకం తెరిచాడు. పడవవాడి పాఠం. పిల్ల వేలు పెట్టి గడగడా చదివేసింది.

"చూశావా? నిక్షేపంలా చదువుతోంది. ఆవిడెవరో మనల్ని వెర్రివాళ్లని చేసింది!" అని భార్యతో అంటూ హుషారుగా తనే పేజీ తిప్పాడు. రెండు పేజీలు కలిసి తిరిగాయి.

పిల్ల ఆగలేదు. పడవ ఒడ్డు చేరిందంటోంది, జనం దిగారంటోంది. వేలి కింద ఉన్నవి మాత్రం పాఠం చివరి ప్రశ్నలు. అతను వెనక్కి తిప్పి, దాటిపోయిన పేజీ చూశాడు. ఒక్క మాట పొల్లు పోలేదు.

"ఇదెప్పుడు బట్టీ పట్టావు?"

"అమ్మ చదువుతుంటే విన్నాను నాన్నా. అన్ని పాఠాలూ వచ్చు."

"ఎందుకే అంత కష్టం?"

"రాదంటే నువ్వు తిడతావుగా."

ఇరవై రెండు పాఠాలు. బద్ధకమని తను రోజూ తిట్టిన పిల్ల! ఏ చేతకాని రచయిత మీదా కలగనంత రోత ఆ క్షణంలో అతనికి తన మీద కలిగింది. పుస్తకం మూసేశాడు.

మర్నాడు పొద్దున్నే అక్కగారు పరామర్శకి దిగింది. "పాపం, మందబుద్ధంటగా తమ్ముడూ? మన ఇంటావంటా లేదే!"

"ఎందుకు లేదక్కా? నాకుంది. నీకు ఇంకాస్త ఎక్కువే ఉంది. దానికే అంటలేదు. కాఫీ తాగి వెళ్లు."

ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి కూతురితో మళ్లీ నిపుణురాలి దగ్గరికి వెళ్లాడు. ఆవిడ చిరునవ్వు అతనికి నచ్చలేదు. గోడ మీది నీతివాక్యాలు అసలే నచ్చలేదు. అయినా వారానికి మూడు క్లాసులు రాయించుకుని, "నేనేం చెయ్యాలి?" అని అడిగాడు.

"రోజూ ఏదో ఒకటి చదివి వినిపించండి. పిల్ల చదివేటప్పుడు మాత్రం మధ్యలో అడ్డుపడకండి."

బయట బెంచీ మీద పిల్ల కాళ్లూపుకుంటూ కూర్చుంది.

"ఏమన్నారు నాన్నా?"

"నన్ను నోరు మూసుకోమన్నారు."

పిల్ల ఫక్కున నవ్వింది. అతను సంచి భుజానికి తగిలించుకుని ముందు నడిచాడు.