ఇద్రీస్ వంట వంతు

1979 మార్చి తొమ్మిది, శుక్రవారం. ఆ మధ్యాహ్నం గదిలో నలుగురూ కోడికూర, పచ్చిపులుసు తిన్నారు. వాళ్ళు ఇంకా చేతులు కడుక్కుంటుండగానే, అందరూ ముదీర్ అని పిలిచే క్యాంపు మేనేజరు ఒక సూడాన్ మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. "ఖాళీ మంచం ఇతనిది" అని చెప్పి వెళ్ళిపోయాడు. అందుకే రాజలింగానికి ఆ తేదీ గుర్తుండిపోయింది.

ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ శివారులో కంపెనీ క్యాంపు అది. గదిలో అయిదు మంచాలు. నలుగురూ కరీంనగర్ జిల్లా వాళ్ళే. వంతులవారీగా వండుకుంటారు. రాజలింగం డిగ్రీ చదివినవాడు కాబట్టి ఉత్తరాలూ అర్జీలూ అతని వంతు.

కొత్తగా వచ్చిన ఇద్రీస్ వెల్డర్. అతను స్నానానికి వెళ్ళగానే పోచన్న మొదలుపెట్టాడు.

"ఏందన్నా గిది? గా నల్లటోన్ని మన నడుమ పండబెడ్తరా?"

"నువ్వేమన్న తెల్లగున్నవారా?" అన్నాడు లింబాద్రి.

"నాది ఎండకు అయిన నలుపు. వానిది పుట్టుకతోని వచ్చింది."

హన్మంతు కడిగిన గిన్నెలు బోర్లించసాగాడు. ఊళ్ళో హోటల్లో అతని గ్లాసు విడిగా ఉండేది. ఇక్కడికొచ్చి రెండేళ్ళయినా ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు తానెందుకు గుర్తుచేయాలి?

సైట్‌లో అరబ్బులకు ఐసునీళ్ళ పీపా, మిగిలినవాళ్ళకు ఎండలో కాగిన పీపా పెట్టారని ఆ పొద్దున్నే పోచన్న మండిపడ్డాడు. "మనం మనుషులం కామా?" అని ముదీర్‌కు ఇంగ్లీషులో అర్జీ రాయించాడు కూడా. ఇప్పుడు అదే కాగితం మీద వేలు పెట్టాడు.

"గీని ముచ్చట గూడ రాయి అన్నా. వేరే గదికి పంపుమను."

"కారణం ఏమని రాయాలి?"

"నాకైతే ఏం లేదు. మిగిలినోళ్ళకు తక్లీఫ్ అయితది."

మిగిలినవాళ్ళూ ఆ మాటే అన్నారు. ఆ ముచ్చట తర్వాత రాయొచ్చని రాజలింగం అడుగున నాలుగు వరుసల చోటు వదిలి కాగితం మడిచాడు. కాదనలేదు. రాయనందుకే తాను కాస్త నయమని అనుకున్నాడు.

అందాకా ఇద్రీస్ గిన్నెలు ముట్టుకోకూడదు. ఆ మాట చెప్పే పని రాజలింగం మీద పడింది. అతను దాన్ని ఎంతో మర్యాదగా చుట్టి, "నువ్వు వంట జోలికి రాకు భాయ్. నీకు వేరే పళ్ళెంలో మేమే వడ్డిస్తాం" అని హిందీలో చెప్పాడు.

ఇద్రీస్ చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. అతని దేశంలో అతిథిని మూడు రోజులు ఏ పనీ చేయనివ్వరట. ఆదివారానికల్లా క్యాంపంతా చెప్పేశాడు: తన సొంత తమ్ముళ్ళు కూడా ఇంతగా చూసుకోలేదని. నల్లా దగ్గర పఠాన్లు పోచన్నను కౌగిలించుకున్నారు. ఫోర్‌మన్ పిలిచి చాయ్ పోశాడు. పోచన్న ఆ చాయ్‌ని ముల్లు మింగినట్టు తాగాడు.

సోమవారం సాయంత్రం ఇద్రీస్ మాంసం, ఎండు బెండకాయ పొడి తెచ్చి స్టవ్ అంటించాడు.

"తీన్ దిన్ మెహమాన్. ఖలాస్! ఆజ్ సే ఘర్ కా ఆద్మీ."

మూడు రోజుల అతిథి మర్యాద ముగిసింది, ఇవాళ్టి నుంచి తాను ఇంటి మనిషేనన్నాడు. ఎవరూ అడ్డుచెప్పలేకపోయారు. అడ్డుచెప్తే మూడు రోజుల మర్యాదకు అర్థం చెప్పాలి.

హన్మంతు అందరికన్నా ముందు కూర్చుని అన్నం కలిపాడు. పోచన్న బయట గట్టు మీద కూర్చుని ఆకలి లేదన్నాడు. ఇద్రీస్ పళ్ళెం పట్టుకుని బయటికే వెళ్ళాడు. "ఇంట్లో ఒకరు తినకపోతే నేనూ తినను. నా వంట తప్పా?"

నల్లా దగ్గరున్న పఠాన్లంతా చూస్తున్నారు. సంపాదించుకున్న మంచిపేరును పోచన్న ఒక్కసారి తలుచుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కాసేపటికి మళ్ళీ వడ్డించుకున్నాడు.

"ఉప్పు తక్కువైంది గదరా" అన్నాడు. రోజూ లింబాద్రిని అనే మాటే అది.

తిన్నాక అర్జీ సంగతి వచ్చింది. ముదీర్‌కు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇద్రీస్ తాను అరబ్బీలో రాసిస్తానన్నాడు. ఎంత అరబ్బీ మాట్లాడినా అతన్నీ ఆ వేడినీళ్ళ పీపా దగ్గరికే పంపుతున్నారట. పాత కాగితం పక్కన పెట్టుకుని, రాజలింగం చెప్పింది విని రాస్తూ, అడుగున చోటు చూసి ఆగాడు.

"యే కిస్ లియే?"

ఆ ఖాళీ ఎందుకని అడిగాడు.

"నీ సంతకానికి" అన్నాడు రాజలింగం.

పోచన్న అతని వైపు చూసి తల దించుకున్నాడు. ఇద్రీస్ కొత్త కాగితం మీద కూడా అంతే చోటు వదిలి, పెద్ద అక్షరాలతో అక్కడ సంతకం చేశాడు. కింద మిగిలినవాళ్ళు ఇరుక్కుంటూ చేశారు.

ఇద్రీస్ తొందరగానే నిద్రపోయాడు. నల్లా దగ్గరి మాటలు వినపడుతుంటే పోచన్న లేచి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.