లేచి నిలబడిన పొడి

వరిపిండి జల్లించినంత ఓపిగ్గా ఇనప పొడి పళ్ళెంలోకి జల్లిస్తోంది నీహారిక. తిరువూరులో, విస్సన్నపేట రోడ్డు పక్కన, వాళ్ళ మోటార్ల వైండింగు షాపు వెనక రేకుల షెడ్డు అది. మోటారు లోపలి ఇనుము వేడెక్కకూడదని రెండేళ్ళుగా ఇనుము, సిలికాన్ కలిపిన ఈ పొడితోనే కుస్తీ పడుతోంది. ఒక్కో రేణువుకీ సన్నటి పూత వేస్తుంది. ఎంత గట్టిగా నొక్కి బిళ్ళ చేసినా ఏ రేణువూ తన పూత వదులుకోకూడదు. వదిలిందా, కరెంటు ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి పారి అంతా కాలిపోతుంది. పళ్ళెం వంటింటిది, దానికి అత్తగారి సణుగుడు వేరే.

ఈ మధ్యాహ్నం విజయవాడ నుంచి మోటార్ల కంపెనీవాళ్ళు వస్తున్నారు, నచ్చితే కొందామని పొడి చూడ్డానికి. "నేనే చేశాను మేడమ్," అని నిన్న ఫోనులో వాళ్ళకి చెప్పాడు మొగుడు కిరీటి. అదేంటని అడిగితే, "ఎవరు చేస్తే ఏంటే, ఇద్దరం ఒకటే కదా," అన్నాడు మహానుభావుడు. అత్తగారు సీతారావమ్మ అందుకుంది: "మధ్యలో నీ పేరెందుకమ్మా? కలిసిపోవాలి గానీ." కలిసిపోయి కలిసిపోయి, తన పేరు తనకే ఎవరిదోలా వినిపిస్తోంది. ఒళ్ళు మండిపోయింది.

ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఫ్యాను ఆగి, చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. పళ్ళెంలో పొడి లేచి నిలబడి ఉంది. సన్నటి ముళ్ళు, అన్నీ ఆమె వైపే తిరిగి. ఇదేం చోద్యం! దగ్గర్లో కరెంటు పారినంతసేపే దీనికి అయస్కాంతం గుణం. కరెంటు పోగానే అంతా మరిచిపోవాలి. అలా మరిచిపోయే పొడి కోసమేగా ఇన్నాళ్ళ తంటా.

పుస్తెలతాడుకున్న పిన్నీసుల వల్లేమో అనుకుని, వాటిని తీసి గుమ్మం అవతల పెట్టింది. ముళ్ళు ఆమె వెంటే తిరిగాయి. ఆమె వెనక్కొస్తే అవీ వచ్చాయి. భయం కన్నా ముందు ఏడుపొచ్చింది. తన కోసం ఇలా లేచి నిలబడ్డవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు.

బయట కారు ఆగింది. కంపెనీ తరఫున వచ్చిన ప్రమీలారాణిని కిరీటి లోపలికి తీసుకొచ్చాడు. "మా ఆవిడండి," అని ఇటు తిరిగి, "టీ పట్రా," అన్నాడు.

ప్రమీలారాణి పళ్ళెం దగ్గర ఆగిపోయింది. "కరెంటు లేదుగా, ఇదెట్లా నిలబడిందండీ?"

కిరీటి మొహం పాలిపోయింది. "చెప్పవే," అన్నాడు గొంతు తగ్గించి.

నీహారిక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎందుకు నిలబడిందో నాకూ తెలీదండి. చేసింది మాత్రం నేను. నా పేరు నీహారిక. ఏదడగాలన్నా నన్నడగండి. టీ ఆయన తెస్తారు."

పళ్ళెంలో పొడి అప్పుడు కూర్చుంది.