మామిడి పెట్టెలో సైన్సు పుస్తకం

సాయంత్రం పార్వతి బస్సు షెడ్డు దగ్గరికి వచ్చేసరికి పుస్తకాల పెట్టె లేదు. పొద్దున్న తన చేతులతో సైన్సు పుస్తకం అందులో పెట్టి వెళ్ళింది. 

ఆ పెట్టె వెంకటాచలపతి మేష్టారిది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, మామిడికాయలు సర్దే చెక్కపెట్టె ఒకటి తెచ్చి, ఇంట్లో పుస్తకాలన్నీ అందులో వేసి షెడ్డులో పెట్టాడు. తాళం లేదు, చందా లేదు. సాయంత్రం పట్టుకెళ్ళాలి, పొద్దున్నే తెచ్చి పెట్టాలి, అంతే. ఉచితంగా వచ్చినదానికి విలువుండదని పెద్దలు అంటారు. ఆ పెద్దలెవరూ పార్వతిలా టెన్తు తప్పి ఉండరు.

ఆమె తప్పింది సైన్సు ఒక్కటే. ఈలోగా సిలబస్ మారిపోయింది. పాత సిలబస్‌కి ఇదే ఆఖరు పరీక్ష, అదీ ఎల్లుండే. పాసైతే ఊళ్ళో బాలవాడి పంతులమ్మ పోస్టుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. తప్పితే బతుకంతా తోటల్లో కాయలు మొయ్యడమే. పాత పుస్తకం నూజివీడు కొట్లలో లేదు, హనుమాన్ జంక్షన్‌లో లేదు. ఉన్నదల్లా ఆ పెట్టెలోనే.

సోడా కొట్టు బసవపున్నారావుని అడిగితే, మధ్యాహ్నం తోట బండి ఎత్తుకుపోయిందన్నాడు. సీజన్లో ఖాళీ పెట్టెలు దారి పొడుగునా పడి ఉంటాయి, బండివాళ్ళు ఏరుకుపోతుంటారు. అదీ వాళ్ళదే అనుకుని బసవపున్నారావు అడ్డు చెప్పలేదట. పార్వతి తోట దాకా పరుగెత్తింది.

అప్పటికే లోడు లారీ వెళ్ళిపోయింది. ప్యాకింగ్ పాకలో గడ్డి మధ్య తండ్రి సాంబయ్య ఒక్కడే కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. కూతుర్ని చూసి మొహం విప్పారింది.

"కాగితాల్లేక పొద్దున్న పని ఆగిపోయిందమ్మా. పెట్టెలో వరసకీ వరసకీ మధ్య కాగితం పడకపోతే కాయ కమిలిపోద్ది కదా. బస్సు షెడ్డులో మన పెట్టె ఒకటి కనబడింది, నిండా కాగితాలే. నేనే బండిలో వేసి తెచ్చా. చింపి వరసల మధ్య పరిచేశాం. మేస్త్రి ఎంత మెచ్చుకున్నాడో."

పాతికేళ్ళ కూలి బతుకులో అతన్ని ఒకరు మెచ్చుకోవడం ఇదే మొదలు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పార్వతికి తెలుసు. అయినా ఆగలేకపోయింది.

"అందులో నా పరీక్ష పుస్తకం ఉంది నాన్నా. ఊరంతటికీ అదొక్కటే."

 సాంబయ్య వంగి, గడ్డిలో మిగిలిపోయిన కాగితాల కోసం వెతకడం మొదలుపెట్టాడు. అతనికి అక్షరం ముక్క రాదు. ఒకటి దొరికితే తువ్వాలుతో దుమ్ము తుడిచి, తలకిందులుగా చాపి, "ఇదేనా?" అని అడిగాడు. అది వారపత్రికలో వంటల పేజీ. కాదంది. ఇంకొకటి తెచ్చాడు. అదీ కాదంది. అతను గడ్డిని ఇంకా గబగబా తిరగేశాడు.

మూడోది పాత పంచాంగంలోంచి చిరిగిన పేజీ.  ఇంక ఈ జన్మకి పరీక్ష లేదని ఆ క్షణంలోనే పార్వతికి తెలిసిపోయింది.

"ఇదే నాన్నా," అంది.

సాంబయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. ఒకటి దొరికిందంటే మిగతావీ ఇక్కడే ఉంటాయంటూ మోకాళ్ళ మీద గడ్డిలోకి పాకాడు. పార్వతి కొంగు పట్టి నిలబడింది. అతను ఇచ్చిన ప్రతి కాగితాన్నీ ఇదే, ఇదే అంటూ అందులో వేసుకుంది.