చింతపులుసు చెంబు

సారమ్మకు ఆ దగ్గు ఇప్పటికీ వినిపిస్తుంది. విత్తనపత్తి చేలో పొద్దున్నే మగపువ్వును ఆడపువ్వుకు రుద్దుతున్నప్పుడు, నాలుగు సాళ్ల అవతల నుంచి, ఖళ్ళు ఖళ్ళుమని. తలెత్తి చూస్తే ఎవరూ ఉండరు. పక్కసాలులో తిమ్మమ్మ మాత్రం, "మల్లేంది వదినా, గాలిని జూస్తున్నవ్?" అంటుంది.

రెండేళ్ల కింద ఇదే చేను. పురుగుమందు కొడుతున్న ఆమె పెనిమిటి స్టీఫెన్ ట్యాంకు దించి ఛాతీ పట్టుకున్నాడు. ఒళ్లంతా చెమట. మందు కొట్టేవాడికి చెమటలు పడితే గట్టు మండలమంతా ఒకటే మాట: మందెక్కింది. చేనుగల మహిపాల్ రెడ్డి చింతపులుసు పిసికించాడు. కక్కితే విషం పోతుందని చెంబు నోటికి పెట్టింది సారమ్మే. కక్కాడు. నొప్పి పోలేదు, ఎడమచేతిలోకి దిగింది. అప్పుడు నిరంజన్ అనే కూలీ ఫోన్ చూసి, గుండెపోటైతే గట్టిగా దగ్గాలని చదివాడు. దగ్గమని బతిమాలిందీ ఆమే. చెప్పినట్టు విన్నాడు మంచి మనిషి. ముప్పావు గంట దగ్గాడు. ఆమె కళ్లలోకే చూస్తూ, దగ్గి దగ్గి ఆగిపోయాడు. అంతసేపట్లో ఒక్కరూ నూట ఎనిమిదికి ఫోన్ కొట్టలేదు.

తరువాత ఊరి ఆశా కార్యకర్త సింధూజను పట్టుకుని అన్నీ అడిగింది. తెలుసుకున్న ప్రతి మాటా సారమ్మనే ముద్దాయిని చేసింది.

ఇవాళ మహిపాల్ రెడ్డి వంతు. కూలీ దొరక్క తానే మందు కొడుతూ ఒడ్డు మీద కూలబడ్డాడు. చెమట. ఛాతీ మీద చెయ్యి.

"మందెక్కింది. పులుసు పిసకుండ్రి జల్ది," అంది భార్య జానకమ్మ, సద్దిగిన్నె కింద పడేసి.

చెంబు వచ్చింది. అంచు సొట్టపోయిన అదే చెంబు. నిరంజన్ ఫోన్ తీశాడు. "అయ్యా, జర గట్టిగ దగ్గుండ్రి."

రెడ్డి దగ్గాడు.

సారమ్మ కదల్లేదు. కదలకపోతే చాలు, రెడ్డీ అలాగే పోతాడు, ఎవరూ తప్పుపట్టరు. తెలిసే నిలబడింది. సాళ్ల అవతలి దగ్గూ, ఇవతలి దగ్గూ ఒక్కటై చెవుల్లో మోగాయి.

వెళ్లి చెంబును కాలితో తన్నింది.

"ఏమే, కాలు గింత పొడుగైందా నీకు?" అంది జానకమ్మ.

"అయిందమ్మా. కొడ్తే తర్వాత కొట్టు. మందెక్కినా తాపొద్దు, గుండె పట్టినా తాపొద్దు. నిరంజనూ, ఆ సదువుడు బందువెట్టి నూటెనిమిదికి కొట్టు."

"దగ్గితె గుండె ఆడ్తదని రాసిండ్రు గద అత్తా."

"ఎవడు రాసిండు? ఆని పేరు జెప్పు. మీ మామ ఎంతసేపు దగ్గిండో నువ్వు జూడలే?"

నిరంజన్ తల దించుకుని ఫోన్ కొట్టాడు.

సారమ్మ రెడ్డిని పంపుసెట్టు గోడకు ఆనించి, మోకాళ్లు మడిచి కూర్చోబెట్టింది. మందుకు తడిసిన చొక్కా విప్పి ఒళ్లు తుడిచింది. నాలుగడుగులు నడిపిస్తే గ్యాసు పోతుందన్నవాణ్ణి చూపుతోనే ఆపింది. ఫోన్‌లో అవతలివాళ్లు ఆస్పిరిన్ ఉందా అన్నారు. సారమ్మ కొంగుముడి విప్పింది. రెండేళ్లుగా, పాతబడితే మార్చుకుంటూ, మోస్తున్న గోళీ. అది పడని ఒళ్లా, రక్తం పోయే జబ్బేమైనా ఉందా అని అడిగి, లేదన్నాక నమిలించమన్నారు.

"నములు అయ్యా."

రెడ్డి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "సారమ్మా, నాడు పులుసు తాపమన్నది నేనే..."

"మాట్లాడకు. ఊపిరి దీస్కో."

బండి వచ్చి ఆయన్ని గద్వాల దవాఖానకు తీసుకుపోయింది.

అయిదో రోజు తిమ్మమ్మ కబురు తెచ్చింది. "రెడ్డి బతికిండంట వదినా. టైముకు తెచ్చిండ్రన్నరంట డాక్టర్లు. అంత నీ పున్నెమే."

సారమ్మ చేతిలో పువ్వు నలిగింది. అంటే స్టీఫెనూ బతికేవాడే. ఇన్నాళ్లూ ఒక సందు ఉండేది, ఏం చేసినా పోయేవాడేమోలే అని. మహిపాల్ రెడ్డి బతికి ఆ సందు కాస్తా మూసేశాడు.

నాలుగు సాళ్ల అవతల దగ్గు మొదలైంది. ఈసారి ఆమె తలెత్తలేదు. కొంగు తడుముకుంది. ముడి ఖాళీ. పని దిగాక మందుల దుకాణానికి పోవాలి.