బావ దగ్గర మిగిలిన మాట

మా బావతో పార్కులో నడవడం కన్నా కొట్లో కూర్చుని వంద బిందెలు చింతపండేసి తోముకోవడం నయం. ఈ మాట ఏడాది పొడుగునా రోజూ అనుకున్నాను. అనుకుంటూనే రోజూ వెళ్ళాను.

బావ అంటే జగన్నాధం మాస్టారు, మా అప్ప తాయారు మొగుడు. ఊళ్ళో హైస్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాడు. శ్రీకాకుళంలో సగం మంది చెవులు ఆయన చేతిలో నలిగినవే. ఎవడైనా 'ఏటి' అన్నాడా, చెవి దొరకబుచ్చుకునేవాడు. "ఏమిటి అనాలి. ఏ-మి-టి! మధ్యలో మకారాన్ని ఎక్కడ పారేశావు?" అని మెలిపెట్టేవాడు. నాకు పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఇత్తడి సామాన్ల కొట్టు పెట్టుకున్నాక కూడా, బేరానికొచ్చిన ఆడవాళ్ళ ముందు నా చెవి పట్టుకున్న ఘనుడు. ఆ రోజు నా పరువు మొత్తం పోయింది.

అలాంటి మనిషి పంతొమ్మిది వందల అరవై ఏడు వైశాఖంలో, తెల్లారి నాగావళిలో స్నానం చేసి రేవు మెట్లెక్కుతూ కూలబడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. నెల్లాళ్ళకి కాలు కాస్త కదిలింది గానీ నోట్లోంచి మాత్రం ఒకే ఒక్క మాట వచ్చింది.

"ఏటికి."

అంతే. ఆకలేసినా, నిద్రొచ్చినా మౌనమే. నోరు తెరిస్తే మాత్రం అదొక్కటే. 'ఎందుకు' అనడానికి 'ఏటికి' అన్నామని మా చెవులు పిండిన మనిషికి ఆఖరికి మా మాటే మిగిలింది. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"రోజూ నడిపించండి. నడుస్తున్నంతసేపూ మాట్లాడిస్తూ ఉండండి. పోయిన మాట వస్తే ఏడాదిలోగా రావాలి. ఆ తర్వాత ఆశ పెట్టుకోకండి" అన్నాడు డాక్టరు.

అప్ప నా రెండు చేతులూ పట్టుకుంది. "ఒరే నరసింగూ, ఆయన గొంతు ఇనపడకపోతే ఈ ఇంట్లో నానుండలేన్రా. నువ్వే తిప్పాల. ఆ రేవు కాసి, అటేపు మాత్రం తీసుకెల్లకు, నీకు దండమెడతాను. పార్కులోనే తిప్పు."

సరే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మున్సిపాలిటీ పార్కు ఎంతని! ఎర్ర కంకర దారి, చుట్టూ తిరిగితే మళ్ళీ మొదటికే. వెనకవైపు సందులోకి ఒక చిన్న గేటు ఉంది. సరిగ్గా దాని దగ్గరికొచ్చేసరికి బావ మొరాయిస్తాడు. గేటు ఊచ ఎడంచేత్తో పట్టుకుని నా మొహంలోకి చూస్తాడు.

"ఏటికి."

"ఏటికా? డాక్టరు నడమన్నాడు గనక! నడు బావా."

రెండో చుట్టు. అదే గేటు, అదే ఊచ. "ఏటికి."

జ్యేష్ఠంలో తురాయి పూలు రాలి దారంతా ఎర్రబడింది. చెమటతో లాల్చీ వీపుకి అంటుకుపోయేది. ప్రతి చెట్టూ చూపించి పేరు చెప్పేవాణ్ణి. "ఇది వేప. వే-ప. అను బావా." ఆయన అనడు సరికదా, క్లాసులో వెనక బెంచీ మొద్దుని చూసినట్టు నన్ను చూసేవాడు. పైగా ఆయనకు విసుగు!

శ్రావణంలో కంకర కొట్టుకుపోయి బురద తేలింది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో బావ. చెప్పు ఊడితే తీసుకోవడానికి నాకు మూడో చెయ్యి లేదు. అప్పుడూ గేటు దగ్గర ఆగి, "ఏటికి" అన్నాడు.

"వాన ఏటికి కురస్తందో ఎల్లి ఇంద్రుణ్ణడుగు! నన్ను సంపకు!" అని అరిచాను. పార్కు రేడియోలో వార్తలు వినడానికొచ్చి ఆ రేడియో గది అరుగు మీద తలదాచుకున్న నలుగురూ నావైపు తిరిగి చూశారు.

కార్తీకం వెళ్ళింది. పుష్యంలో గడ్డి మీద మంచుకి పాదాలు తడిసి ఇద్దరికీ జలుబు పట్టుకుంది. మఫ్లరు చుట్టినా ఆ మాట మఫ్లరులోంచే వినబడేది. ఫాల్గుణంలో ఆకులన్నీ రాలి దారి కనపడలేదు. చైత్రంలో వేపపూత రాలి నెత్తిన పడింది. రోజూ ఇంటికొచ్చేసరికి అప్ప గుమ్మంలో నిలబడి ఉండేది.

"కొత్త మాటేటైనా వచ్చినాదేట్రా?"

"నేదప్పా."

ఆమె తలొంచుకుని లోపలికి వెళ్ళి వడ్డించేది. అది చూడలేక నాకు బావ మీద మరింత ఒళ్ళు మండేది. ఒక్క మాట, ఏదో ఒక్క కొత్త మాట అంటే ఈ మనిషి సొమ్మేం పోయింది!

మళ్ళీ వైశాఖం వచ్చింది. ఏడాదికి ఇంక వారం ఉంది. ఆ సాయంత్రం పార్కులో ఆకులూడ్చే అసిరమ్మ పని ముగించి, బట్టల మూట నెత్తినెట్టుకుని మాకంటే ముందే వెనక గేటు దగ్గరికి చేరింది. గొళ్ళెం లాగుతోంది.

"గేటేటికి తీస్తన్నావే?" అన్నాను.

"ఏటికి బాబూ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు కూడా మొదలెట్టీసినావేటే?"

అసిరమ్మ బిత్తరపోయింది. "అయ్యో రామ, ఏటికి బాబూ, ఏటికి! నాగావళికి! బట్టలు జాడించుకోవాల. ఈ సందు తిన్నగా రేవుకే ఎల్తాది."

బావ ఊచ వదిలేసి అసిరమ్మకు దండం పెట్టబోయాడు. కుడి చెయ్యి లేవలేదు, ఎడం చెయ్యొక్కటే గుండెల దగ్గరికి వెళ్ళింది. కళ్ళమ్మట నీళ్ళు.

ఛీ, నాదీ ఒక బుర్రేనా! ఏడాదిగా మనిషి ఏటికి తీసుకెళ్ళమంటున్నాడు. ఎందుకు నడవాలో నేను వివరిస్తున్నాను. ముప్పై ఏళ్ళు ఆ మాటకే చెవులు పిండినవాడు, ప్రాణం పోతున్నా 'ఎందుకు' అనడానికి 'ఏటికి' అంటాడా? ఆయన శుద్ధంగానే మాట్లాడాడు. నాకే తెలుగు రాలేదు.

అప్ప తిడితే తిట్టనీ అనుకుని గేటు దాటించాను. సందులో ఆయన నన్ను లాక్కుపోయాడు. ఇసుక ఇంకా కాలుతోంది. వేసవి ఏరు కదా, మోకాలి లోతు కూడా లేదు. పంచె తడిసినా లెక్కచెయ్యకుండా నీళ్ళలో దిగి నిలబడ్డాడు. ఎడంచేత్తో నీళ్ళు తీసుకుని మొహం మీద చల్లుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఎదురుగా వెళ్ళి భుజాలు పట్టుకున్నాను.

"ఇదేటి బావా! ఏడాది నుంచీ అడిగింది ఇదేనేటి?"

బావ కళ్ళు తెరిచాడు. మొహం చిట్లించాడు. పెదవులు వంకర తిరిగాయి, దవడ వణికింది. తడి చెయ్యి మెల్లగా పైకి లేచి నా చెవి పట్టుకుంది.

"ఏ..." అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "మి... టి."

మెలిపెట్టాడు. ఈ సంగతి అప్పకి చెప్పడానికి అప్పటికప్పుడు ఇంటికి పరిగెత్తాలనిపించింది, కానీ నా చెవి ఇంకా ఆయన చేతిలోనే ఉంది.